రాజుగారి మేడ గురుతు

ఆ మేడ ఇప్పుడు లేదు. అయినా ఆ రోడ్డున వెళితే ఇప్పటికీ నా కళ్లు దాన్నే వెతుకుతాయి. లేనిది కూడా మనిషిని ఇంత పట్టి పీడిస్తుందా!

ఆ రాజుగారిని నేను చూడలేదు, మా నాన్నా చూడలేదు. సముద్రం మీంచి విశాఖపట్నం వచ్చే ఎవడికైనా ముందు తన మేడే కనిపించాలని ఎత్తు మీద బురుజుతో కట్టించాడట. రేవు నుంచి గేటు దాకా తాడు పట్టినట్టు రోడ్డు వేయించాడట. ఆ రోడ్డుకి అడ్డొచ్చి లేచిపోయిన గుడిసెల్లో మాదొకటి. పైగా చేపల తట్టతో వెళ్లే ఆడవాళ్లు గేటు ముందు తట్టని నెత్తి మీంచి దించి, చంకన పెట్టుకుని నడవాలి. రాజ్యం పోయింది. తొంభైల నాటికి లోపల గబ్బిలాలే మిగిలాయి. అయినా మా వాడ ఆడవాళ్లు తట్ట దించుతూనే ఉండేవారు. చూస్తే నాకు ఒళ్లు మండేది. దించనిది మా మామ్మ ఒక్కతే.

"మా అత్త పొయ్యి మీద గేటెట్టినాడు. ఆడికి నాను తట్ట దించాలేటి?" అని మెడ ఇంకా నిక్కించి నడిచేది. "ఎప్పుడు కూలతావే నువ్వు?" అని మేడనే అడిగేది.

"అలాగనకమ్మా," అనేవాడు నాన్న. "నీకది పగోడే గానీ, సముద్రంలోన నాకదే దారి."

నిజమే. మా ఒడ్డు దగ్గర నీళ్లకింద రాళ్లున్నాయి. తిరిగొచ్చేటప్పుడు మేడ బురుజు, దాని వెనకనున్న కొండ కొనతో ఒకే వరసలో కలిసిందంటే రాళ్లు దాటేసినట్టే. తెప్పని ఒడ్డుకి తిప్పెయ్యొచ్చు. అది నాన్నకి వాళ్ల నాన్న చెప్పిన గురుతు.

రెండువేల సంవత్సరం దాటాక మేడని కూల్చేశారు. "పీడా పోయింది!" అని మామ్మ వాడంతా బెల్లం పంచింది. కొన్నాళ్లకి అక్కడ అపార్ట్‌మెంటు లేచింది. స్టీల్‌ప్లాంటు ఉద్యోగులు కొనుక్కున్నారు.

"మరి గురుతేటి నాన్నా?" అని అడిగాను.

"అదే సోటు కదే. మేడ బదులు ఇది," అన్నాడు.

నేనూ తలూపాను. రోడ్డు మీంచి చూస్తే అదే చోటు మరి. అది పాత బురుజుకి కాస్త పక్కకి ఉందని మాకెవరికీ తట్టలేదు. ఆ కాస్తే ప్రాణం తీసింది.

నీళ్ల మీద మంచు పట్టి రాళ్ల దగ్గర నురగ కూడా కనిపించని ఒక పొద్దున నాన్న, చిన్నాన్న వేట నుంచి తిరిగొస్తుంటే తెప్ప రాళ్లకి కొట్టుకుంది. చిన్నాన్న ఒక్కడే ఈదుకుంటూ వచ్చాడు. "బిల్డింగు కొండకి కలిసిందని తిప్పేసినాడమ్మా," అని మామ్మ కాళ్ల దగ్గర ఇసకలో పడి ఏడ్చాడు. నాన్న దొరకలేదు.

నెల పోయాక మామ్మ మళ్లీ చేపల తట్ట ఎత్తుకుంటే నేనూ వెంట వెళ్లాను. మేడ గేటు ఉండిన చోట వాచ్‌మన్ కుర్చీ ఉంది. మామ్మ దాని ముందు ఆగింది. జన్మలో దించని తట్టని నెత్తి మీంచి దించింది. బురుజు ఉండిన చోట ఇప్పుడు కార్లు పెడుతున్నారు. అటు తిరిగి చేతులు జోడించింది.

"తట్ట దించినాను. ఇంక లెగు. నా కొడుకు సముద్రంలోనే ఉన్నాడు."