తూచని తూకాలు

ఆరేళ్లుగా ఒక మాట నోటిదాకా వచ్చి వెనక్కి పోతోంది. ఇంట్లో కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

కోసిగి దగ్గర ఒక చెరువులో చేపల ఒళ్లు చూసే పని నాది. చంపి, కడుపు కోసి చూడక్కర్లేదు. పొడవు కొలిచి, తూకం వేసి, బతికుండగానే నీళ్లలో వదిలేయాలి. ఎంత పొడవు చేప ఎంత తూగాలో పట్టికలో ఉంటుంది. తక్కువ తూగితే చిక్కిందని అర్థం. వల వేసేది హుసేనప్ప. చెరువు కాపలా కూడా ఆయనదే.

ఆ రోజు ఒకటే గాలి. తక్కెడ నిలవదు. మొదటి పది చేపలూ తక్కువే తూగాయి. గాలి వల్లేననుకున్నాను. నిజంగా అనుకున్నానా, లేక అలా అనుకుంటే పని తప్పుతుందనా? ఎండ మాడ్చేస్తోంది, ఇంకా యాభై ఉన్నాయి. కాగితం మీద రాసిన ఆ పది తూకాలూ కొట్టేశాను. పొడవు మాత్రం కొలిచి, తూకం పట్టికలోంచి ఎత్తి రాశాను. బాగున్న చేపల పట్టిక చూసి రాస్తే ప్రతి చేపా బాగున్నట్టే తేలుతుందని నాకు తెలియదా? నా బుద్ధి గడ్డి తిన్నది.

హుసేనప్ప ఒక చేప వీపు మీద బొటనవేలు పెట్టి చూశాడు.

“ఎముక తగులుతాండాది సారూ. తూకం ఎయ్యకుండానే రాస్తాండావే?”

“పొడవుంటే చాలప్పా. లెక్కలో అదే వస్తాది.”

చదువుకున్నోనివి, నీకు తెలీదా అని ఊరుకున్నాడు.

చెరువులో మేత లేదు, ఈ ఏడాది కొత్త చేపపిల్లలు వదలొద్దని ఆయన చెరువు నడిపే మత్స్యకారుల సంఘంలో మొత్తుకున్నాడు. వాళ్లు నా కాగితం చదివి, చేపలు బాగానే ఉన్నాయని పిల్లల్ని వదిలారు. ఎండలు ముదరకముందే వల లాగితే చేపలకు తలలే గానీ ఒళ్లు లేదు. కాగితంలో బాగున్నవి ఏమయ్యాయని అందరూ లేచారు. బలిసినవన్నీ కాపలావాడే దొంగచాటుగా అమ్ముకున్నాడని తేల్చారు. హుసేనప్ప నా వైపు చూశాడు. నేను ఒక్క మాట అంటే చాలు. ఉద్యోగం పోతుందేమోనని తల వంచుకున్నాను. ఆ వారమే ఆయన భార్యను తీసుకుని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయాడు. మళ్లీ చెరువు గట్టు ఎక్కలేదు.

ఊళ్లో ఇప్పటికీ ఆయన్ని చేపల దొంగ అనే అంటారు. నన్ను సార్ అంటారు. ఆ పిలుపు విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది, నా మీద నాకే.

హుసేనప్ప ఒక్క చేపా ఎత్తలేదు. ఆ తూకాలు నేను తూచలేదు. ఈ రెండు మాటలు రాయడానికి ఆరేళ్లు పట్టింది.