గోటి కింద అంకె

దర్జీకి మాట ఎప్పుడు పడితే అప్పుడు తెగిపోతుంది. కొలత చెప్పబోతూ ఉన్నట్టుండి ఆగిపోతాడు. కళ్ళు తెరిచే ఉంటాయి, లోపల మాత్రం ఎవరో వచ్చి ఆలోచనను ఎత్తుకుపోయినట్టు అంతా ఖాళీ. డాక్టరు ఆ జబ్బుకు పేరు చెప్పి మందులిచ్చాడు గానీ, ఉపాయం మాత్రం దర్జీ సొంతం. నోరు తెరిచేలోపే టేపు మీది అంకెను బొటనవేలి గోటితో నొక్కిపెడతాడు. ఆలోచన పోయినా గోరు కదలదు. తేరుకున్నాక వంగి చూసుకుని చెబుతాడు. చేతులు చాపి నిలబడ్డ కొత్తవాళ్ళు కంగారుపడితే, "కాస్త ఓపిక పట్టండి, నాన్న వచ్చేస్తాడు" అంటుంది కొలతలు రాసే కూతురు, ఆయనేదో పక్కవీధి దాకా వెళ్ళినట్టు.

ఆ కూతురికి దూరాన నర్సు ఉద్యోగం వచ్చింది. యూనిఫారం తానే కుడతానన్నాడు. ఆమె వెనక నిలబడి, భుజాల మీదుగా టేపు పరిచి, గోరు నొక్కి, "చూడమ్మా, నువ్వు అక్కడికి వెళ్ళాక..." అన్నాడు. ఇన్నేళ్ళుగా చెప్పలేని మాటేదో గొంతు దాకా వచ్చింది. అంతే, తెగిపోయింది. ఆమె తిరిగి చూడలేదు. తిరిగితే టేపు జారుతుంది. పెన్సిలు పట్టుకుని, గోడకేసి చూస్తూ, ఊపిరి బిగబట్టి నిలబడింది.

చాలాసేపటికి ఆయన వచ్చాడు. మాట కోసం లోపలంతా తడుముకున్నాడు. దొరకలేదు. గోటి కింద ఉన్నదొక్కటే మిగిలింది.

"పద్నాలుగు" అన్నాడు, తప్పు చేసినవాడిలా.

"అలాగే నాన్నా" అంది కూతురు. "తప్పకుండా అలాగే చేస్తాను."