కాలిబాట అంచుకు పసుపు

లొరెట్టా ప్రుసాక్ చెడ్డమనిషి కాదు. ఈ మాట ముందే అనేస్తే మిగతాది తాపీగా చెప్పుకోవచ్చు.

బేయర్డ్ బీచి అనే ఊళ్లో వేసవి బంగళాలవాళ్లు వెళ్లిపోయాక కూడా మిగిలే కొద్దిమందిలో ఆమె ఒకతె. భర్త ప్లంబరు. ఆ బంగళాల గొట్టాలు బాగుచేస్తూనే కాలం చేశాడు. ఆమె ఏటా వేసవిలో ఇసుక మీదికి దిగే దారి మొదట్లో మడతకుర్చీ వేసుకుని వచ్చేవాళ్ల బ్యాడ్జీలు చూసేది. న్యూజెర్సీలో సముద్రం ఊరికే వస్తుంది, ఒడ్డుకే టిక్కెట్టు. ఊరి బ్యాడ్జి కొనుక్కుని తగిలించుకోకపోతే నీళ్లదాకా పోనివ్వరు.

ఆ కుర్చీలోంచే ఊరి కౌన్సిలుకు ఎన్నికైంది. ఎన్నికయ్యాక మొదటి ఘనకార్యంగా సముద్రం వైపు వెళ్లే వీధులన్నిటా కాలిబాట అంచుకు పసుపు రంగు పూయించింది. మన గడపకు పసుపు రాస్తే లక్ష్మిని రమ్మనడం. అక్కడ కాలిబాటకు పసుపు పూస్తే కారు ఆపకుండా పొమ్మనడం. ఆపుకునే చోటు లేకపోతే బయటివాళ్లు రారు. బయటివాళ్లంటే ఎవరని కౌన్సిల్లో ఒక్కరూ అడగలేదు. దక్షిణాన ఆనుకుని ఉన్న టకర్స్ గ్యాప్ అనే ఊరినుంచి ఐసు పెట్టెలతో, అమ్మమ్మలతో, పిల్లమూకతో దిగేవాళ్లని అందరికీ తెలుసు. వాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లు. ఆ సంగతి తీర్మానంలో లేదు. తీర్మానాలు ఎప్పుడూ మర్యాదగానే ఉంటాయి.

ఆ చలికాలం ఈశాన్యపు గాలివాన ఒడ్డును నిలువునా కోసేసింది. కిందికి దిగే మెట్లు గాల్లో వేలాడాయి. లొరెట్టా వంటింటి కిటికీలోంచి ఎన్నడూ కనపడని కెరటం కనపడసాగింది. ఇంకో గాలివాన వస్తే ఇల్లు ఉండదని చూసినవాళ్లంతా అన్నారు.

సముద్రం అడుగునుంచి ఇసుక తోడి గొట్టంతో ఒడ్డున పోసే పని రెండు ఊళ్లకూ కలిపి మంజూరైంది. ఒక ఊళ్లో పోసిన ఇసుక రెండు మూడేళ్లలో పక్క ఊరికి జరిగిపోతుంది కాబట్టి ఎవరికి వారు చేసుకునే పని కాదది. అయితే వచ్చిన ఇంజనీరు ఒక మెలిక చెప్పాడు. జనం డబ్బుతో పోసే ఇసుక జనానికి అందాలి. నడిచి రాగల దూరంలో కార్లు ఆపుకునే చోటు లేని ఒడ్డుకు గొట్టం రాదు, రెండు ఊళ్ల సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది.

పసుపు గీకేస్తే సరిపోయేది. బేయర్డ్ బీచి కౌన్సిలుకు అంతకంటే తెలివి ఎక్కువ. టకర్స్ గ్యాప్ ఫైర్ స్టేషను పక్క ఖాళీ జాగాను కాగితం మీద రెండు ఊళ్లకూ కార్లు ఆపుకునే చోటుగా చూపిద్దామంది. అడిగి రమ్మని లొరెట్టాను పంపింది. మునగబోయేది ఆమె ఇల్లే కదా.

టకర్స్ గ్యాప్ మేయరు వెర్నెల్ టిల్‌మన్‌కు చేపల ఎరలు అమ్మే కొట్టు ఉంది. పాములాంటి పురుగుల్ని డబ్బాల్లో సర్దుతూనే లొరెట్టా చెప్పిందంతా వింది.

"అయితే మా జాగాలో కారు పెట్టుకుని మీ ఒడ్డుకి నడిచి రావచ్చన్నమాట."

"కాగితం మీద, అవును."

"నిజంగా వస్తే?"

లొరెట్టా చేతిసంచి జిప్పు లాగి మళ్లీ వేసింది.

"దారి మొదట్లో కుర్చీ వేసుకుని మీరుంటారు కదా, మిసెస్ ప్రుసాక్. మా అమ్మనోసారి వెనక్కి పంపించారు. బ్యాడ్జి కొనుక్కుంటానంటే అయిపోయాయన్నారట. ఇంటికొచ్చి ఏమందో తెలుసా? పాపం, ఆవిడకి అబద్ధమాడ్డం కూడా సరిగ్గా రాదే అంది."

ఆ పెద్దావిడ మొహం లొరెట్టాకు గుర్తు లేదు. అబద్ధం మాత్రం గుర్తుంది. చాలామందికి చెప్పింది మరి.

వెర్నెల్ డబ్బా మూత బిగించింది. "జాగా రాసుకోండి. మీ ఒడ్డున ఇసుక పోయకపోతే మాదీ అటే జారిపోతుంది, పంతానికి పోతే మా ఇళ్లూ పోతాయి, ఆ మాత్రం నాకూ తెలుసు. కానీ అదెందుకు కావాల్సొచ్చిందో ఉమ్మడి మీటింగులో మీ నోటితో చెప్పండి. మావాళ్లు వినాలి."

ఆ మీటింగు ఫైర్ స్టేషన్లోనే పెట్టారు. లొరెట్టాకు కౌన్సిలువాళ్లు చదవమని ఇచ్చిన ప్రసంగం నిండా సోదరభావమూ, పరస్పర సహకారమూ, భావితరాలూ. ఇలాంటి మాటలు వినపడినప్పుడల్లా ఎక్కడో ఎవరో ఏదో దాస్తున్నారని అర్థం. "స్థలాభావం వల్ల" అన్నదాకా చదివి ఆగింది. ఎదురుగా కుర్చీల్లో ఉన్నవాళ్లు ఎవరెవరో ఆమెకు తెలియదు. వాళ్లకు మాత్రం ఆమె తెలుసు.

"స్థలం లేక కాదు. కార్లు ఆపకూడదని పసుపు పూయించింది నేనే," అంది.

ముందు వరసలో ఒకామె తాపీగా అడిగింది, "ఎవరొస్తారని?"

"మీరు."

"కొంచెం గట్టిగా చెప్పమ్మా," అన్నాడు చివరి వరస ముసలాయన. "వెనక్కి వినపళ్లేదు."

మళ్లీ చెప్పింది. మొదటిసారి నోరు జారిందనుకోవచ్చు. రెండోసారి అలా అనుకోవడానికి వీల్లేదు. చెవులదాకా ఎర్రబడిన మొహంతో, సగంలో ఆపిన కాగితాన్ని మడుస్తూ విప్పుతూ అక్కడే నిలబడింది.

అంత జనం ముందు ఆ మాట అనేశాక ఖాళీ జాగా ఎత్తు వేయడానికి బేయర్డ్ బీచివాళ్లకు మొహం చెల్లలేదు. పసుపు తీసేయాలని చేతులెత్తారు. ఒకాయనైతే బల్లకేసి చూస్తూ ఎత్తాడు. కారు తలుపు దగ్గర ఆయన ఆమెతో, "మమ్మల్నందర్నీ బజారున పడేశావు, లొరెట్టా," అన్నాడట. అవునంది ఆమె.

గొట్టం సరిహద్దు దాటి వచ్చింది. ఒడ్డు మునుపెన్నడూ లేనంత వెడల్పైంది. లొరెట్టా ఇల్లు నిలిచింది. బ్యాడ్జీల కుర్చీలోకి వేరే ఎవరో వచ్చారు. వేసవి ఆదివారాల్లో ఆమె వాకిటి ముందునుంచే ఐసు పెట్టెలూ, గొడుగులూ, కుటుంబాలకు కుటుంబాలూ కిందికి దిగుతాయి. వెర్నెల్ ఒకసారి కిటికీ దగ్గరికొచ్చి కిందికి రమ్మని పిలిచింది కూడా.

ఆమె ఇంతవరకు ఆ ఇసుక మీద కాలు పెట్టలేదు. మోకాళ్ల నొప్పులంటుంది. చర్చిదాకా, అక్కడినుంచి పోస్టాఫీసుదాకా రోజూ నడిచే మోకాళ్లే అవి.