ముందు నీళ్లు, తర్వాత మాట

డోన్, 2009 జూలై 19, ఆదివారం.

ఈ బ్లాగు రాసే మా కోడలు జూన్ ఇరవై మూడో తేదీ తెల్లవారుజామున కర్నూలు ఆసుపత్రిలో చనిపోయింది. కామెర్లు ముదిరి కాలేయం పనిచేయడం మానేసింది. వయసు ముప్పై ఎనిమిది. నేను ఆమె అత్తను. ఆమె వ్యాసాల్లో అక్కడక్కడా "మా అత్త ఒప్పుకోలేదు" అని కనిపించే మనిషిని నేనే.

ఇల్లు ఇంకా కుదుటపడలేదు. అయినా ఇప్పుడే రాయడానికి కారణం ఉంది. ఆమె పోయిన సంగతి తెలిసినప్పటి నుంచి మీరు ఇక్కడ వ్యాఖ్యలు రాస్తున్నారు. చాలామంది ఆమె చివరి వ్యాసం పెట్టమని అడుగుతున్నారు. కొందరు ఫలానా ఊరి నీళ్లే ఆమెను చంపాయని, ఊరి పేరుతో సహా రాశారు. పేరు పెట్టిన వ్యాఖ్యలన్నీ నిన్న నేను తీసేశాను. ఎందుకు తీసేశానో, చివరి వ్యాసం ఎందుకు పెట్టలేదో మీకు అర్థం కావాలంటే, ఆమె ఎట్లా రాసేదో ముందు చెప్పాలి.

మాది బట్టల అంగడి. బిల్లుల కోసమని మా అబ్బాయి కంప్యూటర్ కొన్నాడు. ఎండాకాలం మధ్యాహ్నాలు బేరాలుండవు. ఆ వేళల్లో కోడలు దాని ముందు కూర్చుని, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే పద్ధతి నేర్చుకుంది. ఏం రాస్తుందో నాకు తెలియదు. ఒకరోజు వంటింటి బండ కడుగుతూ ఆగిపోయి అడిగింది.

"అత్తా, ఈ బండ యాడ నుంచి వచ్చింది?"

"మీ పుట్టింటి పక్క నుంచే. కడప బండ."

"అది పేరు కదా. ఏ గనిలోది? ఎవరు కోసినారు?"

"ఎవరు కోస్తే నీకేం? జిడ్డు పోయేట్టు రుద్దు."

రుద్దింది. కానీ అంగడి సెలవు వచ్చినప్పుడల్లా బస్సెక్కి గనుల వైపు పోవడం మొదలుపెట్టింది. నాలుగు నెలలు తిరిగి మొదటి పెద్ద వ్యాసం రాసి, నేను బియ్యం ఏరుతుంటే పక్కన కూర్చుని చదివింది. "వందలాది కూలీలు ఈ దుమ్ము మింగి రాలిపోయారు" అన్న చోట ఆపమన్నాను.

"నువ్వు ఎన్ని ఇండ్లకు పోయినావు?"

"పదకొండు."

"మరి వందలు యాడివి?"

"ఉంటారు అత్తా. ఆ ఊర్లు చూస్తేనే తెలుస్తాది."

"చూసినవాళ్లనే రాయి. చూడనోళ్లను గుంపుగా చంపాకు."

రెండు రోజులు ఆ వ్యాసం ముట్టలేదు. మూడో రోజు ఆ వాక్యం కొట్టేసి, పదకొండు ఇళ్లూ వరుసగా రాసింది. ఏ ఇంట్లో ఎవరు మంచంలో ఉన్నారు, ఎవరు దగ్గుతూనే మాట్లాడారు, ఎవరి సుత్తి గోడకు ఆనించినది ఆనించినట్టే ఉంది, అన్నీ. ఈసారి చివరి దాకా చదవమన్నాను. అప్పటి నుంచి ఏది రాసినా ముందు నాకు వినిపించేది.

ఆ వ్యాసం చివర ఒక చిన్న భాగం పెట్టింది. దాని పేరు "నాకు తెలియనివి". గనిలో బండ కింద పడి ముగ్గురు పోయారనీ, ఇద్దరి పేర్లు దొరికాయనీ, మూడో మనిషి పేరు, ఊరు ఎవరూ చెప్పలేకపోయారనీ రాసింది. ఆ తర్వాత ఆమె రాసిన ఏ వ్యాసమూ ఆ భాగం లేకుండా ముగియలేదు. మీలో కొందరు దాన్ని ఎగతాళి చేశారు కూడా. తెలియనప్పుడు రాయడం ఎందుకని ఒకాయన అడిగితే, "తెలిసినంత మేరకే నమ్మండని చెప్పడానికి" అని జవాబిచ్చింది.

ఇంత పొడుగు ఎవరు చదువుతారని మా అబ్బాయి కూడా అనేవాడు. "మనుషులు నాతో ఒక పూటంతా కూర్చుని చెప్పినారు. దాన్ని నాలుగు ముక్కలు చేసి పారేస్తే వాళ్ల పూటను పారేసినట్టే" అనేది. బనగానపల్లె మామిడి తోటల కాపలావాళ్ల మీద రాసింది చదవడానికి నాకే గంట పైన పట్టింది. ఎక్కడా తీసేయడానికి ఒక్క వాక్యం దొరకలేదు. వెతకకపోలేదు.

రాసింది బ్లాగులో పెట్టే ముందు, ఎవరి గురించి రాసిందో వాళ్ల ఇంటికి మళ్లీ పోయేది. కాగితాల మీద అచ్చు తీసుకుని పోయి, మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించేది. వాళ్లు వద్దన్నది కొట్టేసేది. తోట కాపలా ముసలాయన ఒకరు అంతా విని, "అంతా బాగుండాది గానీ తల్లీ, నా పెండ్లాం తిట్లు అన్నీ రాసినావు, నేను తిరిగి తిట్టినవి ఒక్కటీ రాయలేదే!" అన్నాడట. అవీ రాయించుకుని వచ్చింది.

ఇక నీళ్ల మాట. ఆమెకూ నాకూ గట్టిగా గొడవ జరిగింది దీని గురించే.

ఎవరింటికి పోయినా వాళ్లిచ్చిన నీళ్లు తాగకుండా ఒక్క ప్రశ్న కూడా అడిగేది కాదు. ముందు నీళ్లు, తర్వాత మాట. నేను మొదట కులం కోసం వద్దన్నాను. అది ఆమె చెవిన పెట్టలేదు. తర్వాత కడుపు కోసం వద్దన్నాను.

"ఊరూరి నీళ్లూ పోసుకునేదానికి నీ కడుపేమన్నా కుంటా? సీసాలో ఇంటి నీళ్లు పట్టుకుని పో."

"పట్టుకుని పోయినాను అత్తా ఒకసారి. సంచిలోంచి సీసా తీస్తానే ఆ అవ్వ లోటా ఎనక్కి తీసుకునింది. ఆ తర్వాత అన్నీ ఔను, లేదు. అంతే. గడప దాటి ఒక్క మాట రాలేదు."

"రాకపోతే రాసేది మానుకో."

నవ్వింది. మరుసటి వారం సీసా లేకుండానే పోయింది.

చివరి వ్యాసం కూడా నీళ్ల మీదే. ఆలూరు వైపు ఒక ఊరు. పేరు నేను రాయను. అక్కడ కొళాయి నీళ్లు ఎనిమిది రోజులకొకసారి వస్తాయి. ఒక బిందె నీళ్లు ట్యాంకు నుంచి ఒక ఇంటి కుండలోకి చేరేదాకా ఏమేమి దాటుతాయో, ఆ ఒక్క బిందెనే పట్టుకుని రాయాలని ఆమె అనుకుంది. మార్చి నుంచి మే దాకా తిరిగింది. ఆ బిందె మోసేది ఆ ఊరి బడిలో మధ్యాహ్నం అన్నం వండే ఆమె. భర్త లేడు. ఇద్దరు పిల్లలు. బడి వంటే ఆ ఇంటికి ఆధారం.

ఒకరోజు కోడలు తానే బిందె ఎత్తుకుని నడిచింది. ఇంటికి చేరేసరికి సగం దారి పొడవునా ఒలికిపోయింది. కొళాయి దగ్గరి ఆడవాళ్లు పగలబడి నవ్వారు.

"చిన్నశెట్టెమ్మ దావకు తాపింది నీళ్లు! పాపం, దావకు దప్పికైందేమో!"

"ఇంకోతూరి మోయిస్తే దావలో వరి నాటుకోవచ్చు!"

ఈ మాటలు నాకు చెప్పి తానే ఎంత నవ్విందో. నడుము పట్టేసి రెండు రోజులు వంగలేకపోయింది.

ట్యాంకు నుంచి వచ్చే పైపు మురుగు కాలవలో మునిగి పోయే చోటు ఒకటి ఉంది. అక్కడ అతుకు ఊడితే ఎవరో సైకిల్ ట్యూబు చుట్టి కట్టారు. కొళాయి ఆగిపోయినప్పుడు ఆ అతుకు గుండా కాలవ నీళ్లు లోపలికి పోతాయి. ఇది ఆమె కాలవ పక్కన కూర్చుని చూసి రాసింది. చూసిన రోజు కూడా వంటామె ఇంట్లో నీళ్లు తాగే వచ్చింది. తెలిసి తెలిసి ఎట్లా తాగినావని అడిగాను. "వాళ్ల పిల్లోల్లు నా ఎదురుగా అవే తాగుతాండారు అత్తా. నేనెట్లా వద్దనేది?" అంది.

జూన్ మొదటి వారంలో కళ్లు పచ్చబడ్డాయి. పడుకునే కాగితాలు దిద్దింది. రాయలేనప్పుడు నాతో దిద్దించింది. కర్నూలుకు తీసుకుపోయాక మాటలు తగ్గిపోయాయి. తెలివిలో ఉండగా నాతో చివరిగా అన్నది ఇంటి గురించి కాదు, బిడ్డ గురించి కూడా కాదు.

"వంటామెకు చదివి వినిపించలేదు అత్తా."

"లేచినాక పోదాంలే, ఇద్దరం" అన్నాను. ఆమె లేవలేదు.

కర్మలు అయిన మరుసటి రోజు మా అబ్బాయి ఆ కాగితాలు నా ముందు వేశాడు.

"దీన్ని ఇట్లే పెట్టు మా. ఊరి పేరు పెద్దగా పెట్టు. కింద రాయి, ఈ నీళ్లే తాగి సచ్చిపోయిందని."

"ఏ నీళ్లు?"

"ఏందిమా, ఏ నీళ్లంటావు? ఆ ఊరివే!"

"మూడు నెలల్లో అది ఒక్క ఊరికే పోలేదు నాయనా. బస్టాండులో టీ తాగింది. చక్కెర కలిపిన ఐసు తినింది. మనింటికొచ్చే ట్యాంకర్ నీళ్లు తాగింది. డాక్టరు ఏమన్నాడు? ఎప్పుడో వారాల కింద తాగిన నీళ్లు, యాడివని చెప్పలేమన్నాడు."

"పెండ్లాం పోయినోనికే తెలుస్తాది" అని లేచిపోయాడు. వాడి కోపం న్యాయమైనదే. కానీ కోపం రుజువు కాదు. నేను కాగితాలు మడిచి బీరువాలో పెట్టాను. అయితే వాడి స్నేహితులో, మీలో ఎవరో, అప్పటికే ఊరి పేరు ఇక్కడ రాసేశారు. అక్కడి నుంచి అది మండలంలోకి పోయింది. మండలం నుంచి ఊర్లోకి పోయింది.

పోయిన గురువారం వంటామె మా అంగడికి వచ్చింది. నేను ఆమెను అంతకు ముందు చూడలేదు. మెట్టు కింద నిలబడి, కొంగు కింద నుంచి ఒక ప్లాస్టిక్ సీసా తీసింది. నిండా నీళ్లు.

"పెద్దశెట్టెమ్మా, ఇవి మా ఇంటి నీళ్లు. యాడన్నా పరీచ్ఛ చేపియ్యి. నీకు తెలిసినోళ్లు ఉంటారు."

"లోపలికి రా. కూర్చో."

"కూర్చోను. చిన్నమ్మ నా చేతి నీళ్లు తాగే పోయిందంటాండారు. నిజమేనా తల్లీ?"

నేను చూసింది లేదు. అబద్ధం చెప్పడం చేతకాదు. "తెలీదమ్మా. అయ్యుండచ్చు. కాకపోయుండచ్చు. ఎవురికీ తెలీదు" అన్నాను.

ఆమె అప్పుడు మెట్టు మీద కూలబడింది. "తెలీదంటే సాలా? బడిలో నన్ను పొయ్యికాడికి రావద్దంటాండారు. నా చేతి నీళ్లు మా ఊర్లో ఒక్కరూ తాగడం లేదు. వాళ్లు తాగేవీ ఆ కొళాయివే! నీళ్లు పాడా, నా చెయ్యి పాడా, అది చెప్పు తల్లీ నువ్వు."

మా కోడలు మూడు నెలలు తిరిగి రాసింది సరిగ్గా ఈ ప్రశ్నకు జవాబే. పాడైనది పైపు. ఆ చెయ్యి కాదు. కానీ ఆ జవాబు నా బీరువాలో ఉంది. ఆ ఊర్లో ఎవరూ వినలేదు.

నీళ్ల పరీక్ష ఆఫీసులో విచారించాను. ఇంటి సీసాలో తెచ్చినవి పనికిరావట. తమ సీసా తెచ్చుకుని తామే వచ్చి పట్టుకుంటారట. అందుకని ఆమె సీసా ఇక్కడే, కంప్యూటర్ పక్కన ఉంది. మూత తీయలేదు. పైనంతా తేటగా ఉంది. అడుగున సన్నటి మడ్డి పేరుకుంది. సీసా కదిలిస్తే లేస్తుంది, కాసేపటికి మళ్లీ దిగుతుంది. మా మనవరాలు దాన్ని పారేద్దామా అని అడగదు. తుడిచేటప్పుడు దాని చుట్టూ తుడుస్తుంది.

ఇక జరగవలసినవి ఇవి.

1. ఆ ఊరి పేరును ఇక్కడి నుంచి తీసుకుపోయి వేరే చోట్ల పెట్టినవాళ్లు తీసేయాలి. రుజువు ఉన్నవాళ్లు నాకు రాయండి. రుజువు లేనివాళ్లు రాయవద్దు.

2. పైపు అతుకు సంగతి, ఆమె తీసిన ఫోటోలతో సహా, అర్జీగా మండలాఫీసులో ఇచ్చాను. కొత్త పైపు పడేదాకా సోమవారం సోమవారం పోయి అడుగుతాను.

3. పరీక్షవాళ్లు ఆ ఊరి కొళాయితో పాటు మా ఇంటి ట్యాంకర్ నీళ్లు కూడా పట్టుకోవాలి. ఏది ఎట్లా తేలినా రెండూ ఇక్కడే రాస్తాను.

4. వచ్చే ఆదివారం నేను ఆ ఊరికి పోతున్నాను. మా అబ్బాయి కూడా వస్తాడు. రానన్నాడు. వస్తాడు.

5. బడి ముందర పిల్లల తల్లులనందరినీ రమ్మని హెడ్మాస్టరుకు కబురు చేశాను. వాళ్లందరూ చూస్తుండగా ఆ వంటామె చేతి నీళ్లు నేను తాగుతాను. కాచి ఇమ్మని ఆమెను ముందే అడిగాను, సరేనంది. మా కోడలు ఎప్పుడూ అడగలేదు. అడగవచ్చునని, అడిగితే ఎవరూ లోటా వెనక్కి తీసుకోరని, ఆమె పోయాక నాకు తెలిసింది.

6. నీళ్లు తాగాక వ్యాసం చదువుతాను, మొదటి నుంచి చివరి దాకా. వంటామె కొట్టేయమన్నది కొట్టేస్తాను. "నాకు తెలియనివి" కింద నేను ఒక్క వాక్యమే కలిపాను: "ఇది రాసిన మనిషి ఏ నీళ్ల వల్ల పోయిందో తెలియదు." అదీ వంటామెకు చదివి వినిపిస్తాను. ఆమె సరేనంటే వ్యాసం మీ ముందుకు వస్తుంది. వద్దంటే, ఈ బ్లాగులో ఇదే చివరిది.