ఎద్మే వదిన హాజరు

ఆదివారం పూజ అయ్యాక మా చర్చి గంట మళ్ళీ మోగిందంటే అర్థం ఒకటే, ఊరి సభ ఉంది, ఎవరూ ఇళ్ళకు పోవద్దని. అందరం చర్చి వసారాలో నిలబడతాం. ఊరిపెద్ద పొయ్యి పొయ్యికీ, అంటే ఇంటింటికీ, ఒక పేరు పిలుస్తాడు. పేరున్నవాళ్ళు ‘ఉన్నా’ అనాలి. మొగుడు పోయి, ఎదిగిన కొడుకు లేని ఇల్లయితే ఆ ఇంటి ఆడమనిషి పేరే పిలుస్తారు. రాజుగారి పన్ను ఇంటింటికీ పంచేది ఆ వసారాలోనే కదా, కట్టేవాళ్ళ నోరు నొక్కితే ఎట్లా? ఈ పద్ధతి ఎవరు పెట్టారో నాకు తెలీదు. మా తాతకీ తెలీదు.

అట్లా పిలిచే పేర్లలో మా పక్కింటి ఎద్మేది ఒకటి. నేను చెక్కచెప్పులు చెక్కుకుని బతికేవాణ్ణి, ఆవిడ జనపనార వడికేది. చుట్టరికం లేకపోయినా నేను వదినా అనేవాణ్ణి, ఆవిడ నన్ను ఒరే బ్లేజూ అనేది. మనిషి పొట్టి. గొంతు మాత్రం అయ్యబాబోయ్, వసారాలో ‘ఉన్నా’ అంటే అవతల బీట్లో ఆవులు తలెత్తి చూసేవి.

అప్పట్లో ధాన్యం దొరగారి మరలోనే ఆడించాలి. ఇంట్లో విసురుకుంటే నేరం. మరవాడు తన వాటా తీసుకున్నది చాలక పిండిలో ఇసుక కలుపుతాడని ఊరందరి అనుమానం. వదిన దగ్గర వాళ్ళమ్మ ఇచ్చిన తిరగలి ఉండేది. దాన్ని మంచం కింద దాచి, చప్పుడు బయటికి పోకుండా పాట పాడుతూ విసిరేది. ఆ పాట ఎంత దరిద్రంగా ఉండేదంటే, ఏదో దాస్తోందని దారినపోయేవాడికి కూడా తెలిసిపోయేది. చివరికి దొర మనుషులకూ తెలిసింది. వచ్చి పై రాయి ఎత్తుకుపోయారు.

కేసు దొరగారి కచేరీలోనే నడిచింది. జడ్జికి జీతమిచ్చేది దొర. “నా చేతిలో ఏముందమ్మా, చట్టం అట్లా ఉంది” అని జడ్జి జరిమానా వేశాడు. రాయిని దొర కోట వంటింటి గుమ్మం ముందు నేలలో పరిపించారు. అక్కడ అప్పటికే అట్లాంటి రాళ్ళు బోలెడున్నాయి. కోటకి పాలు పోయడానికి వెళ్ళినవాడల్లా తన తల్లి తిరగలి తొక్కి పోవాల్సిందే. వదిన గుడ్లివ్వడానికి వెళితే ఆ రాయి తొక్కకుండా అంగ వేసేది. పొట్టిమనిషి కదా, ఒకసారి గుడ్లతో సహా బోర్లా పడింది.

పదిహేడు వందల ఎనభై తొమ్మిదిలో, చలి తగ్గుముఖం పట్టాక, ఊరూరా మీ కష్టాలు రాసి పంపండని రాజుగారు కబురు పెట్టారు. రాయడానికి పట్నం నుంచి వార్నియే అనే కుర్ర వకీలు వచ్చాడు. వసారాలో పేర్లు పిలవడం అయ్యాక మాట్లాడ్డం మొదలెట్టాడు. మనుషులంతా పుట్టుకతోనే స్వతంత్రులట. దేవుడు ఎవణ్ణీ దొరగా పుట్టించలేదట. పారిస్‌లో, జెనీవాలో గొప్ప గొప్ప బుర్రలు ఈ సంగతులు ఆలోచించి రాస్తే, ఆ పుస్తకాలను తగలబెట్టించారట. ఇతను గడ్డిబండిలో దాచి తెప్పించుకున్నాడట.

“మనమంతా ఒప్పుకుంటేనే అది ప్రభుత్వం. లేకపోతే దౌర్జన్యం” అన్నాడు. “ఇంకోటి. చట్టం చేసేవాడూ తీర్పు చెప్పేవాడూ ఒక్కడే అయితే న్యాయం ఉండదు.”

“ఇది కనిపెట్టడానికి అంత గొప్ప బుర్రలెందుకు బాబూ?” అంది వదిన. “నా తిరగల్ని అడిగితే చెప్పేదిగా.”

అందరూ నవ్వారు. వకీలూ నవ్వాడు, మంచివాడే. “నీకు తెలిసింది నీతోనే పోతుందమ్మా. అచ్చులో పడ్డది ఊళ్ళు తిరుగుతుంది. ఇంకో ఊళ్ళో ఇంకో తిరగలి పోయినావిడ, నాకొక్కదానికే కాదన్నమాట అనుకుంటుంది.”

వదిన నవ్వు ఆపి అతన్ని పరకాయించి చూసింది. “అయితే నా రాయి సంగతీ రాయి” అంది.

ఊరిపెద్ద ఫిలిబేర్ అడ్డొచ్చాడు. “దొరగారి పేరు ఎత్తకే తల్లీ, ఊరి మీదికి తేకు.”

“నా పేరు పిలిచావు, ఉన్నా అన్నాను. ఇప్పుడు నా మాట వద్దంటావా? అయితే పన్ను పంచేటప్పుడు కూడా నన్ను పిలవకు ఫిలిబేరూ.”

ఫిలిబేర్ తల గోక్కున్నాడు. వకీలు రాశాడు.

వకీలు ప్రభుత్వం గురించి అన్న మాట వదినకి తెగ పట్టేసింది. నేను ఉప్పు కోసం వెళితే “మనమంతా ఒప్పుకుంటేనేరా బ్లేజూ” అనేది. గుడ్డు పెట్టని కోడిని కూడా అదే మాటతో తిట్టేది. ఎండాకాలం నడిమికి దొర పెట్టే బేడా సర్దుకుని పారిపోయాడు. జనం గునపాలు పట్టుకుని కోటకి పరిగెత్తారు. ఎవరెవరు ఏమేం మోసుకెళ్ళారో నేను చెప్పను. వదిన మాత్రం తన రాయి పెకలించుకుని, నా చేత మోయించి ఇంటికి తెచ్చుకుంది. ఆ సాయంత్రం తలుపులు బార్లా తెరిచి విసిరింది. పాట పాడలేదు, దేవుడు మేలు చేశాడు. ఆవిడ కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే నాకూ ఆగలేదు.

మళ్ళీ మంచు పడే రోజుల్లో గంట మోగింది. ఇక ఊరిపెద్ద ఉండడట, మేయరుని ఎన్నుకోవాలట. జరిపించడానికి వార్నియే వచ్చాడు, నడుముకి మూడు రంగుల పట్టీతో. పారిస్‌లో ఇప్పుడు చట్టాలు చేస్తున్న సభ పంపిన కొత్త పద్ధతి ప్రకారం పేర్లు చదివాడు. ఫిలిబేర్ ఉన్నాడు. నేనున్నాను. పన్ను తక్కువ కట్టే కూలీల పేర్లు లేవు. వదిన ఎప్పుడూ నిలబడే స్తంభం దగ్గరే నిలబడి, నోరు సిద్ధం చేసుకుని ఉంది. చదవడం అయిపోయింది.

“వకీలుగారూ, మా వదిన పేరేదీ?” అన్నాను.

“ఇది పొయ్యిల లెక్క కాదు బ్లేజ్, పౌరుల లెక్క. ఆడవాళ్ళకి ఓటు లేదు.”

“పన్నో?”

“పన్ను కట్టాలి.”

వదిన నెమ్మదిగానే అడిగింది. “బాబూ, మనమంతా ఒప్పుకుంటేనే అని నేర్పింది నువ్వే కదా. నన్నెవరూ అడగలేదే.”

అతని ముఖం కందిపోయింది. “చట్టం అట్లా వచ్చిందమ్మా. నా చేతిలో లేదు.”

“దొరగారి జడ్జి కూడా ఇదే మాటన్నాడు” అంది.

అతను కాగితం మడవబోతుంటే, ఎప్పటి గొంతుతోనే ‘ఉన్నా’ అంది. ఎవరూ రాసుకోలేదు. ఎవరూ నవ్వనూ లేదు.

ఆ తర్వాత రాజు పోయాడు, రిపబ్లిక్ వచ్చింది, చక్రవర్తి వచ్చాడు. పేర్లు చదివే సభ ఎప్పుడు జరిగినా వదిన ఆ స్తంభం దగ్గరికి వచ్చేది. చివరి పేరు చదవగానే ‘ఉన్నా’ అనేది. ఒక మేయరు కసిరాడు, ఇంకొకడు చెవిటివాడిలా ఊరుకున్నాడు. ఫిలిబేర్ కొడుకు మేయరయ్యాక మాత్రం చివరి పేరు తర్వాత కాసేపు ఆగడం అలవాటు చేసుకున్నాడు. మా కోడలు జిలెట్‌కి వడకడం నేర్పింది కూడా వదినే. నా కొడుకు చక్రవర్తి యుద్ధానికి పోయి తిరిగి రాలేదు. జిలెట్ పగలంతా వదిన గుమ్మంలో కూర్చుని వడికేది, ఎవరైనా పలకరిస్తే తల వంచుకునేది.

రేగుపళ్ళ రోజుల్లో వదిన పోయింది. తిరగలి జిలెట్‌కి ఇచ్చింది.

ఆ తర్వాతి సభకి నేను కర్ర పట్టుకుని వెళ్ళాను, నన్ను పట్టుకోవడానికి జిలెట్ పక్కనే ఉంది. మేయరు పేర్లన్నీ చదివి, అలవాటుకొద్దీ ఆగాడు. అందరం ఆ స్తంభం వైపు చూశాం.

‘ఉన్నా’ అంది జిలెట్.

చిన్న గొంతు, ఆవులు తలెత్తలేదు. మేయరు విన్నాడు, అప్పుడు కాగితం మడిచాడు.