పేరు పైకి చదవమన్న మేడమ్

మా మేడమ్ పోయారన్న కబురు డిపార్ట్‌మెంట్ ఈమెయిల్‌లో వచ్చింది. అందులో ఆవిడ డిగ్రీలన్నీ ఉన్నాయి, ఆవిడ విసుగు మాత్రం లేదు. ఆ విసుగు రుచి చూడనివాళ్ళకు మేడమ్ తెలిసినట్టు కాదు.

గుంటూరు మనిషి. కెనడాలోని బర్నబీలో, కొండ మీది యూనివర్సిటీలో తొలినాటి క్రైస్తవుల చరిత్ర చెప్పేవారు. రోమ్ నగరం అడుగున, విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన హతసాక్షుల సమాధుల దగ్గర, మామూలు జనం గోడల మీద గీకిన రాతలే ఆవిడ లోకం. మావాణ్ణి గుర్తుంచుకోండి, మా ఆవిడ కోసం ప్రార్థించండి అంటూ ఆ పోయినవాళ్ళనే బతిమాలుకునే రాతలు. అక్షరాలు వంకర, తప్పులు బోలెడు. ఫొటో చూపించి, "పేరు పైకి చదవండి, గొణగొద్దు. చదువుతారనేగా పాపం గీకాడు," అనేవారు.

"మన పిల్లలు గుడి గోడల మీద హాల్‌టికెట్ నంబర్లు రాసినట్టుంది మేడమ్," అన్నాను ఒకసారి. తిడతారనుకున్నా.

"అదే. ఆ భయమే," అన్నారు.

అమ్మకు గుండె ఆపరేషన్ అన్నప్పుడు నా స్టడీ పర్మిట్ రెన్యూవల్‌లో ఉంది. ఇండియా వెళితే తిరిగి రానిస్తారో లేదో తెలియదు. ఆగిపోయాను. మేడమ్ రోమ్ బయలుదేరుతున్నారు. "మా అమ్మ పేరు కూడా ఓ మూల గీకండి మేడమ్," అన్నాను, సగం వేళాకోళంగా.

కళ్ళజోడు పైనుంచి చూశారు. "గోడ ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతా, నీదైనా నాదైనా. ఇంతకీ అమ్మ పేరేంటి?" ఇంటిపేరుతో సహా చెప్పించుకున్నారు.

ఆపరేషన్ జరుగుతుండగా రోమ్ నుంచి ఫోన్. "మా చర్చిలో పోయినవాళ్ళని ఏమీ అడగం, నీకు తెలుసుగా. అయినా అడిగేశాను. సమాధి ముందు నిలబడి మీ అమ్మ పేరు పైకే చెప్పా. గైడ్ వింతగా చూశాడు."

అమ్మ బతికింది. డాక్టరు చలవే అనేవారు మేడమ్. కావచ్చు. కానీ ఆ పూట నేను ఏడవకుండా కూర్చోగలిగింది ఆ ఫోన్ వల్లే.

మొన్న వానలోనే మేడమ్‌ను సమాధి చేశారు. రాయి ఇంకా పెట్టలేదు. అక్కణ్ణుంచే అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. "ఆవిడ పేరు ఇంటిపేరుతో చెప్పు నాన్నా. దీపం పెట్టేటప్పుడు రోజూ అనుకుంటా," అంది.

సమాధుల దగ్గర నుంచి తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీకి ఆవిరి పట్టింది. వేలితో మేడమ్ పేరు తెలుగులో రాశాను. బస్సు కుదుపులకు అక్షరాలు వంకరపోయాయి. పక్క సీట్లో కాఫీ షాపు ఏప్రన్ కూడా విప్పని అమ్మాయి దాన్ని పైకే చదివింది.

"ఈమె మీకేమైతది అన్నా?"

"మా మేడమ్," అన్నాను.

అక్షరాల చివరల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ అమ్మాయి ఇంకోసారి చదివింది, ఈసారి మెల్లగా.