నోరు లేని చెక్క

మొన్న పెద్దపల్లిలో మా ఇంటి పుస్తకాల అర ఒకటి ఉన్నట్టుండి ఫెళ్లున విరిగి పడింది. రంపపు పొట్టు అదిమి చేసిన కొత్తరకం పలక అది, ముందురోజుదాకా వంగనైనా లేదు. విరిగిన అంచును చూస్తుంటే, అరవైల చివర గోదావరిఖనిలో భూమి లోపల నేను వెలగబెట్టిన నిర్వాకం గుర్తొచ్చింది.

అప్పుడు నేను డిప్లొమా చేతపట్టుకొని గనిలో షిఫ్టు పని చూసే ఓవర్‌మన్‌గా కొత్తగా చేరాను. తల మీద టోపీ, టోపీకి దీపం. ఆ దీపం కింద వెలుగు మాత్రం అంతంతే. మా చిన్నాయన, అంటే మా కాక, అదే షిఫ్టులో టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట రాతికప్పు కూలకుండా కర్ర గుంజలు నిలబెట్టడం ఆయన పని. గుంజ నెత్తికీ కప్పుకీ నడుమ ఆయన మెత్తని బూరుగు చెక్క ఒకటి దూర్చేవాడు. కప్పు బరువుకు అవి నలిగి అప్పడాలవుతుంటే నాకు ప్రాణం ఒప్పేది కాదు. పుస్తకంలోని బలాల పట్టికలన్నీ ఆయనకు అప్పజెప్పి, ఒక గుంజకు పట్టుబట్టి గట్టి నల్లమద్ది చెక్క పెట్టించాను.

"ఓవర్‌మన్ సాబ్‌వి, పెట్టుమంటె పెడ్త. గానీ గా చెక్కకు నోరు లేదు కొడుకా," అన్నాడు కాక.

"ఏడ్వని చెక్కనే మంచిది కాక," అన్నాను, పక్కనున్న ముగ్గురు కూలీలు నవ్వేలా.

వారం రోజులు అది చెక్కు చెదరకుండా నిలబడింది. నేను అంతకంటే నిటారుగా తిరిగాను. ఒక పొద్దటి షిఫ్టులో చుట్టూ ఉన్న బూరుగు చెక్కలన్నీ కిర్రుమనడం మొదలుపెట్టాయి. కాక పని ఆపి, తల వంచి విని, బయటికి నడవమని అరిచాడు. చప్పుడు చెయ్యని గుంజ నాదొక్కటే కదా అని, నేను కూలీలను దాని కిందికి పిలిచాను. ఆఫీసరు పిలిస్తే వచ్చారు, పాపం.

కాక వచ్చి నా కాలరు పట్టాడు. "అన్ని నలిగి తప్పుకుంటున్నయిరా, బరువంత దీని నెత్తినే పడ్తున్నది. ఇది చెప్పదు, ఇరుగుతది. జల్ది నడువుండ్రి!"

ఇరవై అడుగులు పరిగెత్తామో లేదో, తుపాకీ పేలినట్టు నా గుంజ నడిమికి విరిగింది, దాని వెంటే కప్పు దిగింది. దుమ్ములో ఐదుగురం ఒకరినొకరు తడిమి చూసుకున్నాం. పుస్తకంలో ఉన్నది తప్పు కాదు. ఏది ఎంత మోస్తుందో అందులో ఉంది, మోయలేనప్పుడు ఏది ముందుగా చెబుతుందో నేనే అడగలేదు. పైకొచ్చాక కాక నా చెక్క ఊసెత్తలేదు. మేనేజరు దగ్గర నేనే ఒప్పుకున్నాను, మరునాడు బూరుగు చెక్కల మోపు నా భుజం మీదే దిగింది.

ఇప్పుడు ఇటువైపు చాలాచోట్ల బొగ్గు పైనుంచే తవ్వుతున్నారు. లోపలి గనుల్లోనూ కప్పుకు ఇనుప బోల్టులు, బరువు చూపే మీటర్లు వచ్చాయి. మంచిదే, ఒక మనిషి చెవి మీద నలుగురి ప్రాణం ఆధారపడకూడదు. కానీ ఆ కిర్రు ఎలా ఉండేదో మనవరాలికి వినిపిద్దామని నోటితో రెండు మూడు రకాలుగా అని చూశాను, ఏదీ అది కాలేదనిపించింది. అవునో కాదో చెప్పడానికి, ఆ రోజు నాతో పరిగెత్తినవాళ్ళలో ఇప్పుడు ఒక్కరూ లేరు.